వర్షారణ్యంలో దొరికిన అరుదైన చీమను గుర్తించి వర్ణించడం ఎలా?

“సార్, పడమటి కనుమల్లో కనిపించింది. ఇది కొత్త జాతేనా?” అంటూ ఫోన్‌లో తీసిన ఫోటో పంపి అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఫోటో చూసి నేను చెప్పగలిగేది మహా అయితే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) వరకే. చాలాసార్లు అదీ కుదరదు. అందుకే పని మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. “కొత్తది” అనే మాట ఈ పనిలో అన్నిటికంటే చివర రావాలి. అడవిలో కనిపించగానే ఆ మాట అనేసుకుంటే, తర్వాత చేసే ప్రతి పరిశీలనా దాన్ని నిలబెట్టడానికే సాగుతుంది. మన కళ్లే మనల్ని మోసం చేస్తాయి.

ఉదాహరణగా ఒక నిజమైన చీమను వెంట పెట్టుకుందాం. అరుణాచల్ ప్రదేశ్ సియాంగ్ లోయలోని యింగ్కు గ్రామం దగ్గర, పశువులు నడిచే నిటారు దారి పక్కన ఒక చెట్టు తొర్రలో, నేల నుంచి దాదాపు 10 అడుగుల ఎత్తులో దొరికిన నీలి చీమ అది. సాయంత్రం మసక వెలుతురులో ఏదో మెరిస్తే, పూటర్ అనే పీల్చే గొట్టంతో రెండు పురుగుల్ని లాగి చూశారు. చీమలు! 2024లో బెంగళూరు ఏట్రీ సంస్థ పరిశోధకులు, వారితో పనిచేసినవారు కలిసి దానికి పారాపారాట్రెచినా నీల అని పేరు పెట్టారు. పొడవు 2 మిల్లీమీటర్ల లోపే.

## 1. అడవికి వెళ్లకముందు

అనుమతి. రిజర్వ్ ఫారెస్ట్‌లో గానీ, అభయారణ్యంలో గానీ చీమను పట్టాలంటే ఆ రాష్ట్ర అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. నెలలు పట్టొచ్చు, ముందే దరఖాస్తు చేయండి. నమూనాలు విదేశానికి పంపే ఆలోచన ఉంటే చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ నిబంధనలు చదువుకోండి. చదువుకునేవాళ్లు కాలేజీ పేరు మీద, గైడ్ సంతకంతో వెళ్లడం మేలు.

ఇంటి చీమల మీద సాధన. దీన్ని దాటేయొద్దు. అరుదైన నమూనా మీద చెయ్యి తిప్పుకోవడం నేర్చుకోకూడదు.

మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమను ఒకదాన్ని, వంటింట్లో పంచదార డబ్బా చుట్టూ తిరిగే సన్న పసుపుపచ్చ చీమను ఒకదాన్ని తీసుకోండి. మైక్రోస్కోప్ కింద నడుము చూడండి. ఎర్ర చీమకు నడుములో ఒకటే ముడి, పంచదార చీమకు రెండు. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే సగం భయం పోతుంది. ఇలా ఇరవై ముప్పై చీమల్ని ప్రజాతి వరకు తేల్చాకే అడవి గురించి ఆలోచించండి.

## 2. సంచిలో ఉండాల్సినవి

- పూటర్, అంటే నోటితో గాని రబ్బరు బల్బుతో గాని చీమను సీసాలోకి లాగే గొట్టం. నోటివైపు సన్న జాలి ఉందో లేదో చూసుకోండి
- సన్న మొన ఉన్న మెత్తటి ఫోర్సెప్స్, జీరో నంబర్ పెయింటింగ్ బ్రష్
- మూత బిగుతుగా పట్టే చిన్న ప్లాస్టిక్ సీసాలు, అనుకున్న దానికంటే రెట్టింపు
- ఇథనాల్ రెండు రకాలు: ఆకారం చూడటానికి 70–80 శాతం, డీఎన్ఏ కోసం 95 శాతం లేదా అంతకు మించి
- తెల్ల ట్రే, తెల్ల గుడ్డ, ఆకుల చెత్త జల్లించే పెద్ద కన్నాల జల్లెడ
- పెన్సిళ్లు, మందపాటి కాగితం ముక్కలు, జీపీఎస్ లేదా ఫోన్
- హెడ్‌లైట్, 10 రెట్ల చేతి కటకం
- జలగల కోసం పొడవాటి మేజోళ్లు

రంగు కలిపిన డీనేచర్డ్ స్పిరిట్ చవగ్గా దొరుకుతుందని వాడొద్దు. డీఎన్ఏ విషయంలో దాన్ని నమ్మలేం. ఇక 95 శాతం ఇథనాల్‌లో చీమ గట్టిపడి కాళ్లు పుటుక్కున విరుగుతాయి. ఒకే గూటి చీమలు ఎక్కువ దొరికితే రెండు సీసాల్లోకి పంచండి.

## 3. ఎక్కడ, ఎలా వెతకాలి

అరుదైన చీమ అనేది చాలాసార్లు మనం సరిగ్గా వెతకని చోట బతికే చీమ. కాలిబాట మీద కనబడేవి ఎవరికైనా కనబడతాయి. అందుకే ఒకే పద్ధతితో సరిపెట్టుకోకండి.

ఆకుల చెత్త. ఒక చదరపు మీటరు కొలిచి, అందులోని రాలిన ఆకులు, కుళ్లిన పుల్లలు, పై మన్ను గబగబా జల్లెడలోకి ఎత్తండి. ఆలస్యం చేస్తే వేగంగా పరిగెత్తే చీమలు తప్పించుకుంటాయి. జల్లించగా దిగిన పొడిని జాలి సంచుల్లో పోసి, వింక్లర్ అనే గుడ్డ గరాటులో వేలాడదీయండి. పొడి మెల్లగా ఆరుతుంటే, అందులోని జీవులు కదిలి కదిలి కింది ఆల్కహాల్ గ్లాసులో పడతాయి. 48 గంటలు ఉంచడం అందరూ పాటించే లెక్క. కరెంటు అక్కర్లేదు కాబట్టి అడవి క్యాంపుకి ఇంతకంటే మంచి సాధనం లేదు. 200 మీటర్ల గీత మీద 10 మీటర్లకు ఒకటి చొప్పున 20 నమూనాలు తీస్తే, మీ లెక్కల్ని ఇతర దేశాల లెక్కలతో పోల్చుకోవచ్చు.

చెట్లు. తొర్రలు, ఎండిన కొమ్మల బోలు, బెరడు కింద, నాచు మెత్తల్లో చూడండి. కొమ్మ కింద తెల్ల గుడ్డ పట్టి కర్రతో దులపండి. నీలి చీమ దొరికింది నేల మీద కాదు, తొర్రలో అన్నది గుర్తుంచుకోండి.

కుళ్లిన దుంగలు, మట్టి. చేత్తో చీల్చి, ట్రేలో పోసి, రెండు నిమిషాలు కదలకుండా చూడండి. చాలా చిన్న చీమలు ముడుచుకుపోయి మన్ను రేణువుల్లా ఉంటాయి. కదిలేదాకా ఆగాలి.

ఒక చీమ దొరికితే అక్కడే ఆగిపోండి. ఇంకో గంట అదే చోట వెతకండి. కార్మిక చీమలతో పాటు రాణి, మగ చీమ కూడా ఒకే గూటి నుంచి దొరికితే ఆ నమూనాకి విలువ పదింతలు. అలాగని గూడంతా ఊడ్చుకురావొద్దు. పది, పదిహేను కార్మిక చీమలు చాలు. రాణి ఒక్కతే ఉంటే ఫోటో తీసి వదిలేయండి.

బతికుండగానే రంగు రాసుకోండి, ఫోటో తీసుకోండి. ఆల్కహాల్‌లో రంగులు మారిపోవచ్చు.

## 4. లేబుల్: ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు

నా మొదటి అడవి ప్రయాణంలో లేబుళ్లన్నీ బాల్‌పెన్‌తో రాశాను. వారం తర్వాత సీసాలు తెరిస్తే ఆల్కహాల్ లేత నీలంగా మారి ఉంది, కాగితాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. పద్నాలుగు సీసాల చీమలు ఏ కొండవో, ఏ రోజువో చెప్పలేని స్థితి. అందులో ఒకటి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రజాతి తెలుసు, ఊరు తెలియదు. ఊరు తెలియని నమూనాతో ఏ వర్ణనా రాయలేం.

కాబట్టి పెన్సిల్‌తోనే రాయండి. సీసా బయట అంటించడం కాదు, కాగితం సీసా లోపల ఉండాలి.

లేబుల్ మీద ఉండాల్సినవి:

- దేశం, రాష్ట్రం, జిల్లా, దగ్గరి ఊరు
- అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు
- తేదీ. నెలను మామూలు అంకెలో కాకుండా రోమన్ అంకెలోనో పేరుతోనో రాయండి, 5-6 అంటే మే 6నా, జూన్ 5నా అన్న గందరగోళం ఉండదు
- పట్టిన పద్ధతి (వింక్లర్, చేత్తో, కొమ్మ దులిపి)
- చోటు (తొర్ర, దుంగ, ఆకుల చెత్త)
- పట్టినవారి పేరు, సీసా నంబర్

ఇంటికొచ్చాక నెలకోసారి సీసాలు చూడండి. ఆల్కహాల్ ఆవిరైపోయి చీమ ఎండిపోతే అంతే సంగతులు. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర అమెజాన్ అడవిలో దొరికిన మార్షియాలిస్ హ్యురేకా అనే చీమ సంగతే చూడండి. 1998లో దొరికిన నమూనాలు పాడైపోయాయి. మళ్లీ ఒకే ఒక్క కార్మిక చీమ 2003లో దొరికింది. దాని ఆధారంగా 2008లో జాతినే కాదు, ఏకంగా కొత్త ఉపకుటుంబాన్నే వర్ణించారు. మధ్యలో పోయిన అన్నేళ్లు ఒకసారి తలుచుకోండి.

## 5. సూది మీదకి ఎక్కించడం

చీమను సూదితో గుచ్చకూడదు. గట్టి అట్టను సన్నటి త్రిభుజాలుగా కత్తిరించి, త్రిభుజం వెడల్పు వైపు సూది గుచ్చి, కొన మీద చీమను అంటిస్తాం.

1. చీమను ఆల్కహాల్ నుంచి తీసి టిష్యూ కాగితం మీద ఒక నిమిషం ఆరనివ్వండి.
2. కాళ్లు, మీసాలు ఒంటికి అతుక్కుపోకుండా బ్రష్‌తో విడదీయండి. ఇది తడిగా ఉన్నప్పుడే చేయాలి.
3. త్రిభుజం కొనకు చాలా కొంచెం జిగురు అద్దండి. నీళ్లతో నానబెడితే ఊడివచ్చే తెల్ల జిగురే వాడండి. క్షణాల్లో పట్టే జిగుర్లు వద్దు, మళ్లీ తీయలేరు.
4. చీమ కుడివైపు నుంచి కొనను తెచ్చి, మధ్య కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య ఒంటి అడుగున ఆనించండి. ఎడమ పక్క మొత్తం అడ్డం లేకుండా కనిపించాలి.
5. నడుము ముడికి జిగురు తగలకూడదు. తగిలితే వెంటనే తడి బ్రష్‌తో తుడవండి.

దొరికినవన్నీ సూదులెక్కించొద్దు. సగం ఆల్కహాల్‌లోనే ఉంచండి.

## 6. ఉపకుటుంబం నుంచి ప్రజాతికి

ముందుగా అది చీమేనా? నవ్వొద్దు. చీమ వేషం వేసే సాలీళ్లు మన అడవుల్లో ఉన్నాయి, మామిడి చెట్టు ఎర్ర చీమను అచ్చు దింపినట్టుండేదీ ఉంది. ఎనిమిది కాళ్లుంటే సాలీడు. చీమకు మోచేయిలా వంగిన మీసాలు, నడుములో ముడి ఉండాలి.

తర్వాత ఈ వరస పాటించండి:

నడుములో రెండు ముడులుంటే ఎక్కువగా అది మిర్మిసినే అనే ఉపకుటుంబం. కానీ సన్నగా పొడుగ్గా, పెద్ద కళ్లతో చెట్ల మీద తిరిగేవి, కళ్లే లేని మట్టి చీమలు కొన్ని వేరే ఉపకుటుంబాల్లోకి వెళ్తాయి. కళ్లు చూడకుండా తేల్చొద్దు.

ఒకటే ముడి ఉంటే పొట్ట చివర చూడండి. ముల్లు ఉండి, పొట్ట మొదట్లో తాడు కట్టినట్టు నొక్కు ఉంటే పొనెరినే ఉపకుటుంబం వైపు వెతకండి. గుండ్రటి రంధ్రం, చుట్టూ వెంట్రుకల అంచు ఉంటే ఫార్మిసినే ఉపకుటుంబం. ముల్లూ లేక, గుండ్రటి రంధ్రమూ లేక, అడ్డ చీలిక మాత్రమే ఉంటే డోలికోడెరినే ఉపకుటుంబం. ముల్లు లోపలికి ముడుచుకుని ఉండొచ్చు కాబట్టి ఒక్క చీమను చూసి ముల్లు లేదనకండి.

ప్రజాతి కోసం మీసంలో కణుపులు లెక్కపెట్టండి, చివరి కణుపులు లావుగా గదలా ఉన్నాయా చూడండి, దవడ పళ్లు లెక్కపెట్టండి. కణుపుల్ని మూడుసార్లు లెక్కించండి. మీసం మొదట్లో ఉండే చిన్న కణుపులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనబడి చాలామందికి లెక్క తప్పుతుంది.

ఇప్పుడు నీలి చీమ దగ్గరికి వద్దాం. ఒకటే ముడి, పొట్ట చివర గుండ్రటి రంధ్రం. ఫార్మిసినే అని తేలింది. ఈ ఉపకుటుంబంలో నైలాండేరియా, పారాపారాట్రెచినా అనే రెండు ప్రజాతులు పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండిటినీ విడదీసేది వెంట్రుకలు. చీమను పక్క నుంచి, వెనక నుంచి వెలుగు పడేలా పెట్టండి. పారాపారాట్రెచినాకు వీపు మీద నిటారు వెంట్రుకలు జతలు జతలుగా ఉంటాయి: ముందు భాగంలో రెండు జతలు, మధ్య భాగంలో ఒక జత, వెనక భాగమైన ప్రొపోడియం మీద ఒక జత. నైలాండేరియాకు ప్రొపోడియం మీద ఆ జత ఉండదు, మీసం మొదటి కణుపు మీద మాత్రం సాధారణంగా నిక్కిన వెంట్రుకలుంటాయి.

ఆ ఒక్క జత ఊడిపోయి ఉంటే? కంగారు పడొద్దు. వెంట్రుక మొలిచిన చోట చిన్న గుంట మిగులుతుంది. వెలుగు కోణం మారుస్తూ ఆ గుంట కోసం వెతకండి. నా మటుకు నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే, దుమ్ము అనుకున్న చుక్క గుంటగా తేలడం.

వెలుగు మెరుపు కొడుతుంటే చీమ చుట్టూ ట్రేసింగ్ పేపర్‌ను గొట్టంలా చుట్టండి. ఒంటి మీది గీతలు, గుంటలు అప్పుడే కనిపిస్తాయి.

## 7. ఇప్పటికే పేరున్న జాతులతో పోల్చడం

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. పట్టాలి కూడా.

- చీమల పేర్ల ఆన్‌లైన్ జాబితా యాంట్‌క్యాట్‌లో ఆ ప్రజాతి కింద ఉన్న చెల్లే పేర్లు, ఉపజాతులు, రద్దైన పేర్లు అన్నీ రాసుకోండి
- యాంట్‌మ్యాప్స్‌లో ఏవి ఎక్కడ దొరికాయో చూడండి
- యాంట్‌వెబ్‌లో టైప్ నమూనాల (జాతి పేరుకు ఆధారమైన అసలు నమూనాల) ఫోటోలు చూడండి
- ప్రతి జాతి మొదటి వర్ణన తెప్పించుకుని చదవండి

రాష్ట్ర సరిహద్దులు చీమలకు తెలియవు. అరుణాచల్ చీమను మయన్మార్, దక్షిణ చైనా, థాయిలాండ్ జాతులతో పోల్చాలి. పడమటి కనుమల చీమను శ్రీలంక జాతులతో తప్పనిసరిగా పోల్చాలి.

భారత చీమలకు బింగమ్ అనే శాస్త్రవేత్త 1903లో ఇచ్చిన కీ (లక్షణాల్ని ఒక్కొక్కటిగా చూపిస్తూ జాతి దగ్గరికి నడిపించే పట్టిక) ఇప్పటికీ పనికొస్తుంది, కానీ దాని మీదే ఆధారపడితే తర్వాతి నూటపాతికేళ్లకు దగ్గరపడ్డ కాలంలో వచ్చిన జాతులన్నీ మీకు కొత్తవిగానే కనబడతాయి. పాత వర్ణనలు మూడు నాలుగు వాక్యాల్లో ముగుస్తాయి, బొమ్మ ఉండదు. అలాంటప్పుడు టైప్ నమూనా చూడటం తప్ప దారి లేదు. చీమల శాస్త్రవేత్త ఫోరెల్ నమూనాలు ఎక్కువగా జెనీవా మ్యూజియంలో, బింగమ్‌వి లండన్‌లో ఉన్నాయి. క్యూరేటర్‌కి మర్యాదగా, మీకు కావలసిన కోణం స్పష్టంగా చెబుతూ మెయిల్ రాయండి. నీలి చీమ విషయంలో భారత్ నుంచి అదే ప్రజాతిలో తెలిసి ఉన్నది ఫోరెల్ 1902లో వర్ణించిన అసెటా ఒక్కటే. రంగు ఒక్కటే తేడా అయితే చాలేది కాదు. తల ఆకారం, కళ్ల పరిమాణం, ఐదు పళ్ల దవడ లాంటివన్నీ కలిపి చూపించాల్సి వచ్చింది.

డీఎన్ఏ తోడు ఉంటే మంచిది. ఒక కాలు చాలు. కుడివైపు కాలు తీయండి, ఎడమ పక్క ఫోటోలకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే సీఓఐ అనే జన్యువు వరస వేరుగా ఉందని మాత్రమే కొత్త జాతి అనేయొద్దు, ఆకారంలోనూ తేడా చూపాలి.

## 8. కొలతలు

మైక్రోస్కోప్ కంటికటకంలోని స్కేలును, స్టేజ్ మైక్రోమీటరుతో (కచ్చితమైన గీతలున్న గాజు పలకతో) ప్రతి జూమ్ దగ్గరా సరిచూసుకోండి. ఒక్కసారి చేసి వదిలేస్తే, జూమ్ తిప్పిన ప్రతిసారీ తప్పు లెక్కలొస్తాయి.

తప్పనిసరి కొలతలు ఇవి:

- తల పొడవు: క్లైపియస్ (దవడల పైనుండే ముఖపు పలక) ముందు అంచు నుంచి తల వెనక అంచు వరకు, నడి గీత మీద
- తల వెడల్పు: ఎక్కువ వెడల్పున్న చోట. కళ్లు కలిపారా లేదా రాయాలి
- స్కేప్ పొడవు: మీసం మొదటి పొడుగు కణుపు, అడుగు బుడిపె వదిలేసి
- కంటి పొడవు
- వెబర్ పొడవు: పక్క నుంచి, మెడ వదిలేసి వీపు ముందు అంచు నుంచి వెనక కింది మూల వరకు

తల కొలిచేటప్పుడు ముందు అంచు, వెనక అంచు రెండూ ఒకేసారి ఫోకస్‌లో ఉండాలి. తల ఏమాత్రం వంగినా పొడవు తగ్గిపోతుంది.

తల వెడల్పు 0.42, పొడవు 0.48 మిల్లీమీటర్లు అనుకుందాం. 0.42ని 0.48తో భాగించి 100తో గుణిస్తే తల సూచీ 87.5. స్కేప్ సూచీని కొందరు తల వెడల్పుతో, కొందరు తల పొడవుతో భాగిస్తారు. మీరు ఏది వాడారో ఒక వాక్యం రాయండి, లేకపోతే మీ అంకెలు ఇంకొకరికి పనికిరావు.

## 9. వర్ణన రాయడం

మొదట డయాగ్నోసిస్. నాలుగైదు వాక్యాల్లో, దగ్గరి జాతుల నుంచి దీన్ని విడదీసే లక్షణాలు మాత్రమే. “చాలా అందమైన చీమ” లాంటివి వద్దు. “పెద్ద కళ్లు” అని కూడా రాయకండి, కంటి పొడవు తల పొడవులో ఎన్నో వంతో రాయండి.

తర్వాత పూర్తి వర్ణన ఈ వరసలో: తల, దవడలు, మీసాలు, కళ్లు, వీపు, నడుము ముడి, పొట్ట, ఒంటి మీది గీతలు, వెంట్రుకలు, చివరికి రంగు. రంగును చివర పెట్టడానికి కారణముంది. అప్పుడే పుట్టిన చీమ పాలిపోయి ఉంటుంది, పాత నమూనా వెలిసిపోతుంది.

ఫోటోలు కనీసం మూడు: ముఖం ఎదురుగా, పక్క నుంచి, పై నుంచి. ప్రతిదానిలో స్కేల్ గీత ఉండాలి. ఒక్కో కోణంలో ఫోకస్ మారుస్తూ చాలా షాట్లు తీసి కలిపితేనే ఇంత చిన్న జీవి మొత్తం స్పష్టంగా వస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి:

ఒకే జాతిని రెండుగా వర్ణించడం. ఫైడోలే లాంటి ప్రజాతుల్లో పెద్ద తల సైనిక చీమ, చిన్న కార్మిక చీమ వేర్వేరు జాతుల్లా ఉంటాయి. ఒకే గూటి నుంచి పట్టినవాటిని ఒకే నంబర్ కింద ఉంచితే ఈ తప్పు జరగదు.

రోగాన్ని లక్షణంగా రాయడం. పొట్టలో నులిపురుగు చేరిన చీమకు పొట్ట ఉబ్బి, తల చిన్నదవుతుంది. ఒక్క నమూనాయే వింతగా ఉంటే అనుమానించండి.

మగ చీమను కొత్త జాతనుకోవడం. రెక్కలతో, చిన్న తలతో కార్మిక చీమతో పోలికే ఉండదు. దాన్ని విడిగా ఉంచి, గూడు దొరికేదాకా ఆగండి.

ఒకే నమూనాతో తొందరపడటం. కుదిరితే మళ్లీ అదే చోటికి, వేరే కాలంలో వెళ్లండి. ఎంత వెతికినా ఒక్కటే దొరికి, తేడాలు బలంగా ఉంటే అప్పుడు రాయొచ్చు.

## 10. పేరు, హోలోటైప్, ప్రచురణ

ఒక్క నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారమయ్యే నమూనాగా ఎంచుకోండి. కాళ్లు, మీసాలు పూర్తిగా ఉన్నదాన్నే. మిగతావి పారాటైప్‌లు. హోలోటైప్ ఏ సంస్థలో, ఏ నంబర్‌తో ఉందో వ్యాసంలో రాయాలి. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి సంగతి నిర్ణీత సంస్థలకు తెలిపి, నమూనాలు అక్కడ జమ చేయాలి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థే. ఇంట్లో బీరువాలో హోలోటైప్ ఉంచుకోవద్దు.

పేరు లాటిన్‌లోనే ఉండాలన్న రూలేమీ లేదు, లాటిన్ అక్షరాల్లో ఉంటే చాలు. నీల అనే మాట మనందరి భాషల్లోదే. అయితే ఆ మాట విశేషణమా, నామవాచకమా అన్నది స్పష్టంగా రాయండి. విశేషణమైతే ప్రజాతి లింగానికి తగ్గట్టు మారుతుంది. మీ పేరు మీరే పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాద కాదు.

ఆన్‌లైన్ పత్రికలోనే వస్తున్నట్టయితే ముందే జంతువుల శాస్త్రీయ నామాలను నమోదు చేసే జూబ్యాంక్‌లో నమోదు చేసి ఆ వివరం వ్యాసంలో ఉండాలి. పత్రికలో రాకముందే సోషల్ మీడియాలో పేరు బయటపెట్టొద్దు.

పంపేముందు చివరి తనిఖీ:

- “కొత్త జాతి” అని వ్యాసంలో స్పష్టంగా ఉందా?
- హోలోటైప్ నంబర్, సంస్థ పేరు, లేబుల్ మీది మాటలు యథాతథంగా ఉన్నాయా?
- ఎన్ని నమూనాలు కొలిచారో రాశారా?
- దగ్గరి జాతులన్నిటితో తేడా చెప్పారా, లేక సులువైనవాటితోనేనా?
- ఆ ప్రజాతి కీలో మీ జాతి ఎక్కడ వస్తుందో చూపారా?
- అనుమతి పత్రం నంబర్ ఉందా?
- ఈ పని తెలిసిన ఇంకొకరికి మీ వర్ణన, నమూనా ఇచ్చి, పేరు చెప్పకుండా సరిపోల్చమన్నారా?

చివరిదానికి కనీసం రెండు వారాలు కేటాయించండి. వాళ్లు మీ వర్ణన చదివి వేరే చీమ దగ్గరికి వెళ్తే, డయాగ్నోసిస్ మళ్లీ రాయండి.